కుంపటి గదిలో సూది

మా అత్త మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. ఇంటికి వచ్చినవాళ్ళు పెద్దామె గదా, తెలియక చేసింది, పోనీలే అంటారు. తెలియకపోవడం వేరు, చెబుతున్నా వినకపోవడం వేరు. నేను చెప్పాను. నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను. మా ఆయన కూడా తక్కువేం తినలేదు. కాకపోతే ఆయన చేసిందంతా నోరు తెరవకుండా చేశాడు, అందుకే ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. నేను అంటాను.

మాది కేజీఎఫ్ దగ్గర, కామసముద్రానికీ బూదికోటకీ మధ్య చిన్న ఊరు. కొంచెం రాగి, కొన్ని మామిడి చెట్లు, రెండు ఆవులు ఉన్నాయి గానీ ఇల్లు గడిచేది పట్టుపురుగుల మీదే. ఇంటి వెనక పురుగుల గది. దాని ముందు సన్నటి వసారా. గది లోపల వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి అరల్లో ఉంటాయి. గడపలో సున్నం పొడి చల్లి ఉంటుంది, దాని మీద కాలు పెట్టకుండా ఎవరూ లోపలికి పోకూడదు. ఆ గదికి మా అత్త రాణి. ఎవరు రావాలో, ఎవరు రాకూడదో, ఎంత మెల్లగా నడవాలో అన్నీ ఆమె చెప్పాలి. పురుగు చర్మం విడిచే ముందు మేత మాని, తల ఎత్తుకుని, కదలకుండా పడి ఉంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు మా అత్త గొంతు తగ్గించి మాట్లాడుతుంది. తట్టను కదపనివ్వదు. బకెట్టు చప్పుడు చేస్తే కళ్ళతోనే కొడుతుంది. నేను ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో నాకు జ్వరం వచ్చినప్పుడు ఎవరూ గొంతు తగ్గించింది లేదు.

ఆ గదిలో నా పని ఏరడం. పురుగులకు పాలరోగం అని ఒకటి వస్తుంది. ఒళ్ళు ఉబ్బి, తెల్లటి పురుగు కాస్త పసుపు తేలుతుంది. ముట్టుకుంటే చిట్లి పాలలాంటి నీరు కారుతుంది. ఆ నీరు తగిలిన ఆకు తిన్న పురుగుకల్లా రోగమే. అందుకే పసుపు తేలిన పురుగును చిట్లకముందే కనిపెట్టి, ఏరి, సున్నం నీళ్ళ డబ్బాలో వెయ్యాలి. మా అత్త కళ్ళకు ఆ పసుపు అందదు. మా ఆయనకు ఓపిక లేదు. నేను పెళ్ళికి ముందు కేజీఎఫ్‌లో ఒక బట్టల అంగడిలో పని చేశాను. చీర చూడకుండా, రంగు గుర్తుపెట్టుకుని, జాకెట్టు ముక్క తీసి ఇచ్చేదాన్ని. పురుగులో పసుపు నాకు అందరికన్నా ముందు కనిపించేది. మా అత్త నన్ను మెచ్చుకున్న పని ఇదొక్కటే. మెచ్చుకున్నట్టు కూడా కాదు, "దీన్ని పిలవండి" అనేది.

మొదట ఎడమ కన్ను పోయింది. ఎండాకాలం. గదిలో అప్పటికి పంట ఉంది. కన్ను పక్కకు తిప్పితే లోపల గుంజినట్టు నొప్పి. వారం తిరగకముందే ఆ కంటితో చూస్తే ప్రతిదీ ఉతికి ఉతికి వెలిసిన చీరలా ఉంది. కుంకుమ భరిణె తీస్తే ఎర్రగా లేదు, ఇటుక పొడిలా ఉంది. కుడి కన్ను మూస్తే ఎదుటి మనిషి ముఖం మధ్యలో బూడిద రంగు మచ్చ.

మా ఆయన నన్ను కేజీఎఫ్‌కు తీసుకుపోయాడు. అక్కడ ఒక కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, కన్ను బాగానే ఉంది, టెన్షన్ ఎక్కువ చేసుకోకండి అన్నాడు. అద్దాలు రాసిచ్చాడు. ఆ 'టెన్షన్' అనే మాట మా ఆయన జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచాడు. అత్తకు అది చాలా నచ్చింది. పల్లెలో ఆడదానికి టెన్షన్ అంటే పని ఎగ్గొట్టే రోగం అని అర్థం, దానికి వేరే మందు ఉంటుందని ఎవరూ అనుకోరు.

కొన్నాళ్ళకు చూపు తానంతట తానే చాలావరకు తిరిగి వచ్చింది. అదే నా ఖర్మ. ఎండలు ముదిరి తోటలో మల్బరీ ఆకు లేక పురుగులు పెట్టని రోజులవి. పంట లేనప్పుడు కళ్ళు బాగుంటాయని, పంట పెట్టగానే పోతాయని లెక్క తేల్చేశారు. వానాకాలంలో కుడి కన్ను కూడా కొంచెం మసకబారి, మళ్ళీ కుదుటపడింది. అప్పుడూ పంట చేతిలో ఉంది. ఇంక వాళ్ళకు సాక్ష్యం కావాలా?

అయినా మందు మాత్రం ఇచ్చారు. కరోనా వచ్చి పోయాక మా ఊళ్ళో ప్రతి కంచె మీదా తిప్పతీగ పాకించారు. ఇమ్యూనిటీ అనే మాట పాలు పోసేవాళ్ళ దగ్గర్నుంచి అందరి నోటా ఆడుతోంది. మా ఆయన ఫోన్‌లో ఏదో చూసి, ఒంట్లో శక్తి తక్కువై నరాలు వీక్ అయ్యాయని తేల్చాడు. రోజూ పొద్దున్నే తిప్పతీగ దంచి రసం తీసి గ్లాసెడు నా చేత తాగించారు. చేదుకు నాలుక తిరగబడేది. తాగకపోతే, మా సేవ కూడా దీనికి ఆనదు అనేవాళ్ళు. తాగాను.

చలికాలం పంట వచ్చింది. మా వైపు పుష్యమాసంలో చలి ఎముకలు కొరుకుతుంది, చలికి పురుగు మేత మానేస్తుంది. అందుకని గదిని బిగిస్తారు. కిటికీలకు ప్లాస్టిక్ పట్టా కొడతారు, తలుపుకు గోనెపట్టా వేలాడదీస్తారు. లోపల కరెంటు హీటరు, అది చాలకపోతే బొగ్గుల కుంపటి. ఒకసారి వెచ్చబెట్టాక మా అత్త ఆ తలుపు తెరవనివ్వదు. పోయేవాళ్ళు గోనెపట్టా పక్కకు జరిపి సందులోంచి దూరాలి, వెంటనే పట్టా సర్దాలి. మా ఆయన ఒకసారి తట్ట పట్టుకుని లోపలికి వస్తూ తలుపు వారగా వదిలాడని, కన్న కొడుకని కూడా చూడకుండా తిట్టింది.

నేను ఆ గదిలోకి పోయిన కాసేపటికి చూపు తగ్గిపోయేది. ఎవరో దీపం వత్తి మెల్లగా దించుతున్నట్టు. ముందు రంగులు పోయేవి, తర్వాత తట్టల అంచులు పోయేవి. మెడ వంచి తట్టలోకి చూస్తే వెన్నులో పైనుంచి కిందిదాకా కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. బయటికి వచ్చి చల్లగాలిలో కూర్చుని నీళ్ళు తాగితే మళ్ళీ అన్నీ కనిపించేవి. ఇది నాకే పిచ్చిగా అనిపించింది, వాళ్ళకు నాటకంగా అనిపించడంలో వింత లేదని ఎవరైనా అంటారేమో. అనొద్దు. నాకు పిచ్చిగా అనిపించినా నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా ఆయన, పొగకు కళ్ళు మండుతాయిలే అన్నాడు. పొగకు మండిన కళ్ళు నీళ్ళు కారతాయి. నా కళ్ళల్లో చుక్క నీరు లేదు. ఉంటే అవి వేరే కారణానికి.

ఒక పొద్దున ఆకు కోయడానికి వచ్చిన ఆడవాళ్ళు వసారాలో కూర్చుని రాగి అంబలి తాగుతున్నారు. నేను అప్పుడే గదిలోంచి బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల ఏమీ కనిపించడం లేదని, తలుపు కాస్త తీస్తే ఏరగలనని అత్తతో చెప్పాను. ఆమె ఇంట్లోకి పోయింది. రేకు డబ్బా తెచ్చింది. అందులోంచి సూది, దారం తీసి నా చేతిలో పెట్టింది.

"ఎక్కించు" అంది.

అప్పటికి చల్లగాలికి నా చూపు సర్దుకుంది. పరీక్ష అని నాకు తట్టలేదు. చేతిలో సూది దారం పెడితే ఆడదాని చేతులు వాటంతట అవే కదులుతాయి. ఎడమ కన్ను మూసి, దారం కొస తడిపి, ఒక్కసారికే ఎక్కించాను. అత్త ఆ సూదిని దారంతో సహా పైకెత్తి అందరికీ చూపింది.

"చూసినారు గదా. దీనికి కండ్లు కనబడవంట. సూదిబెజ్జం కనబడతాది, పురుగు కనబడదంట. దీని కండ్ల కోసం వాకిలి తెరిసి పంటను సంపుకోవాల్నంట మేము."

ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె అంబలి పొలమారి దగ్గింది కూడా. నన్ను చంపినా ఆ నవ్వు మరిచిపోను. మా ఆయన సైకిలు దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. టైరు నొక్కి చూసుకుంటున్నాడు. ఆ టైరులో గాలి ఉందో లేదో ఆ రోజే తేలాలి మరి!

ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను. ఏరమన్నారు, ఏరాను. పురుగులు ఆఖరి జ్వరం దాటి మేతకు ఎగబడే రోజులు. హీటరు ఒకవైపు, కుంపటి ఒకవైపు. నడుం చుట్టూ ఎవరో చీర కుచ్చిళ్ళ దగ్గర బిగించి ముడేసినట్టు పట్టేసింది. కుడికాలు నేలకు రాసుకుంటోంది. తట్టలో తెల్లగా ఉన్నవీ పసుపుగా ఉన్నవీ నాకు ఒకే బూడిద రంగు. వేళ్ళతో తడిమి, లావుగా అనిపించిన వాటిని తీసి డబ్బాలో వేశాను. లావుగా ఉన్నవి బాగా తిన్నవి. అంటే మంచివి.

అత్త డబ్బా తీసి చూసింది. సున్నం నీళ్ళలో మంచి పురుగులు చచ్చి తేలుతున్నాయి. తట్టల్లో రోగం పురుగులు అంచుల మీద పాకుతూ చిట్లుతున్నాయి. రెండు మూడు రోజుల్లో గది గదంతా కుళ్ళు వాసన. పంట మొత్తం తోటలో గుంట తీసి పూడ్చారు.

ఆమె నన్ను ఏమేమి అన్నదో అన్నీ రాయను. ఒకటి రాస్తాను. "కావాల్నని చేసినావు. తిన్నింటికే చేటు చేసే పుటక నీది. మంచిదేదో చెడ్డదేదో తెలీకుండా సంపుకుంటా పొయినావు." మా ఆయన వైపు చూశాను. ఆయన నా కాలి వైపు చూస్తున్నాడు. కాలు ఈడుస్తున్నానని అప్పుడు కనిపించింది ఆయనకు. పంట పోయింది కాబట్టి చేతిలో పని లేదు, చేతిలో పని లేదు కాబట్టి పెళ్ళాం కాలు కనిపించింది. మరుసటి పొద్దున కామసముద్రంలో రైలెక్కి బెంగళూరు పోయాం.

అక్కడ పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు ఒకామె. మా ఆయన నోరు తెరవగానే, టెన్షన్ మేడం, అన్నాడు. ఆమె ఆయన్ని పట్టించుకోలేదు. నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది, అరికాలు గీసింది, ఎర్రటి మూత ఒకటి ఒక్కో కంటికీ చూపించి ఏ కంటికి ఎర్రగా ఉందో అడిగింది. తర్వాత అడిగిన ప్రశ్నకు నాకు ఏడుపు వచ్చింది.

"వేడిగా ఉన్నచోట చూపు తగ్గి, చల్లబడితే తిరిగి వస్తుందా అమ్మా?"

నేను తల ఊపాను. మా ఆయన, అలా అని ఈమె అంటుంది మేడం, అన్నాడు. డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి, ఆమె అంటే చాలు, దీనికి పేరు ఉంది, మా పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది అంది. ఆ ఒక్క మాటకు ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది. మా ఆయన్ని మాత్రం ఆ సుత్తితోనే ఒకటి కొట్టాలనిపించింది.

తలకూ వెన్నుకూ స్కానింగ్ తీశారు. వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్ష చేశారు. మెదడు బొమ్మలో అక్కడక్కడా తెల్లటి మచ్చలు. డాక్టరమ్మ తీరిగ్గా కూర్చుని చెప్పింది. ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. బయటి నుంచి వచ్చిన క్రిమిని కనిపెట్టి చంపడం వాటి పని. నరాల మీద ఒక పూత ఉంటుంది, అది ఉంటేనే కబురు వేగంగా పోతుంది. నా ఒంట్లో ఆ కాపలా కణాలు దారి తప్పి మెదడులోకి దూరి, ఆ పూతనే శత్రువు అనుకుని కొరికేస్తున్నాయి. పూత పోయిన నరంలో కబురు కుంటుతూ నడుస్తుంది. ఒళ్ళు కాస్త వేడెక్కితే అది కూడా ఆగిపోతుంది. చల్లబడితే మళ్ళీ నడుస్తుంది. వేడి వల్ల కొత్తగా దెబ్బ తగలదు, ఉన్న దెబ్బ బయటపడుతుంది, అంతే. అసలు దెబ్బ కాపలా కణాలు తీసేది. వాటిని ఆపకపోతే ఒక్కోసారి ఒక్కోచోట కొరుకుతాయి, పోయినదంతా ప్రతిసారీ తిరిగి రాదు.

నాకు సున్నం నీళ్ళ డబ్బా గుర్తొచ్చింది. రోగాన్ని ఏరమని పెడితే మంచివాటిని ఏరి చంపిన చెయ్యి. నా తలలో అదే జరుగుతోంది. మా అత్త నన్ను తిట్టిన తిట్లన్నీ నా కాపలా కణాలకు అక్షరం పొల్లుపోకుండా సరిపోతాయి. తప్పు విలాసానికి పోయాయి, అంతే.

తిప్పతీగ సంగతి చెబితే డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. ఉన్న శక్తే ఎక్కువై మిమ్మల్ని తింటోంది, దానికి ఇంకా మేత వేస్తున్నారా, ఇవాళ్టి నుంచి మానెయ్యండి అంది. మా ఆయన నేల చూపులు చూశాడు. నేనొకటి అడిగాను. ఇది మనసులో దిగులు వల్ల వచ్చిందా అని. కాదు అంది. కానీ మెదడుకూ ఈ కాపలాకూ మధ్య కబుర్లు రెండు వైపులా నడుస్తుంటాయని చెప్పింది. జ్వరం వచ్చినప్పుడు మనకు అన్నం సయించకపోవడం, ముడుచుకుని పడుకోవాలనిపించడం సోమరితనం కాదట, కాపలా కణాలు మెదడుకు పంపే కబురట, పడుకో, నేను పోట్లాడాలి అని. అటునుంచి కూడా అంతే. నిద్ర లేకుండా, రోజూ భయంలో, అవమానంలో ఉండే మనిషి మెదడు కాపలాను కుదురుగా ఉండనివ్వదు. అలా బతికితే ఈ జబ్బు రేగే అవకాశం ఉందని చాలామంది డాక్టర్లు అనుకుంటారు అంది. అంటే మా అత్త నోరు జబ్బును పుట్టించలేదు గానీ ఊరికే కూడా లేదు. నాకు అంతవరకు చాలు.

స్టెరాయిడ్ ఎక్కించారు. ఆ తర్వాత కాపలా కణాలను అణిచే మందు మొదలుపెట్టారు. దాన్ని ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కించాలి, గడువు దాటనివ్వకండి అని డాక్టరమ్మ మా ఆయనకు ప్రత్యేకంగా చెప్పింది. దాటితే కణాలు మళ్ళీ పుట్టుకొస్తాయి, ఈసారి కన్నును కొరుకుతాయో కాలును కొరుకుతాయో చెప్పలేం అంది. ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఆసుపత్రిలో తల ఊపడం సులువు. ఇంటికి వచ్చాక వాళ్ళమ్మ ఏమన్నారని అడిగితే, ఏదో నరాల వీక్‌నెస్ అంట, మందు ఇచ్చినారు అన్నాడు. అంతే. మెదడులో మచ్చలు లేవు, పూత లేదు, వేడి లేదు. రైలు దిగేలోపల అన్నీ కిటికీలోంచి పారేసినట్టున్నాడు. నేను చెప్పబోతే అత్త ఆవుకు గడ్డి వెయ్యాలని లేచిపోయింది.

మందు పనిచేసింది. కాలు ఈడ్వడం పోయింది. చల్లటిపూట దూరం ఉన్న మామిడి పిందెలు కూడా కనిపించేవి. ఎడమ కంటికి మాత్రం ఎరుపు ఇప్పటికీ ఇటుక పొడే. రెండోసారి మందుకు ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అప్పుడు గది ఖాళీగా ఉంది. మూడోది సరిగ్గా పుష్యంలో, చలికాలం పంట మధ్యలో పడింది. పురుగులు పండే వారం, అంటే గూడు కట్టడానికి సిద్ధమయ్యే వారం. పండిన పురుగును సమయానికి ఏరి గూడు కట్టే వెదురు చంద్రికల మీద వెయ్యకపోతే తట్టలోనే పట్టు కక్కేస్తుంది. మనుషులు చాలరు.

"ఇప్పుడు బాగుండావు గదా, నడస్తా ఉండావు, తింటా ఉండావు. గూళ్ళు మార్కెట్టుకు పోనీ. తరవాత పోదువులే ఆసుపత్రికి" అంది అత్త. మా ఆయన, ఒక నెల అటూ ఇటూ అయితే ఏమౌతాదిలే అన్నాడు. ఏమవుతుందో ఆయనకు తెలుసు. నాతో పాటు ఆ కుర్చీలో కూర్చుని విన్నాడు. బాగున్నాను కాబట్టి మందు అక్కర్లేదు, బాగా లేనప్పుడేమో నాటకం! ఈ ఇంట్లో నేను ఎప్పుడు రోగిని కావాలో నాకు అర్థం కాలేదు. ఆయన నా తరఫున మాట్లాడడని మాత్రం అర్థమైంది. రెండు రోజులు ఉడికిపోయాను. అరిచి ఉంటే టెన్షన్ అనేవాళ్ళు, అందుకే అరవలేదు.

మూడో రోజు పొద్దున చలి మంచు ఇంకా విడవలేదు. పండిన పురుగులు ఏరడానికి సాయం వచ్చిన ఆడవాళ్ళు వసారాలో కాళ్ళు కడుక్కుంటున్నారు. పోయినేడు అంబలి తాగుతూ నవ్విన వాళ్ళే. నేను ఇంట్లోకి పోయి రేకు డబ్బా తెచ్చాను. సూది, దారం తీసి వాళ్ళకు చూపించాను.

"ఆ పొద్దు బయట చూసినారు. ఈ పొద్దు లోపల చూడండి" అన్నాను.

అత్త, పంట కాడ ఇదేమి ఆట అని కసిరింది. నేను గోనెపట్టా జరిపి లోపలికి పోయి హీటరుకూ కుంపటికీ మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు దూరి గోడ వెంట నిలబడ్డారు. వాళ్ళ వెనక మా ఆయన, చివర అత్త. ఆమె లోపలికి వచ్చి పట్టా సర్దింది. కూర్చోగానే దారం ఎక్కించి చూపాను. ఒకామె కిసుక్కుమంది. దారం లాగేసి, ఉండండి, అన్నాను.

చెమట పట్టేదాకా కూర్చున్నాను. ముందు కుంపటిలో నిప్పుల ఎరుపు పోయింది. తర్వాత ఆడవాళ్ళ చీరల రంగులు పోయాయి. ఎదురుగా ముఖాలు ఉండాల్సినచోట బూడిద. సూది నా వేళ్ళకు తెలుస్తోంది, కళ్ళకు లేదు. దారం కొస తడిపి గురి చూశాను. పక్కకు పోయింది. మళ్ళీ పెట్టాను. గోటికి తగిలింది. మళ్ళీ పెట్టాను. ఈసారి సూది వేలికి గుచ్చుకుంది. ఎవరూ నవ్వలేదు. పురుగులు ఆకు కొరికే చప్పుడు ఒకటే వినిపిస్తోంది. భయం లేదా అంటే ఉంది. డాక్టరమ్మ వేడి వల్ల కొత్త దెబ్బ తగలదని చెప్పింది, నిజమే, కానీ చీకట్లో కూర్చున్నప్పుడు ఆ మాటను గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది.

"అత్తా, యాడుండావు?" అన్నాను. "నీ మొకం కూడా కనబల్లేదు నాకు. మందు తప్పితే బయట చల్లగాలిలో కూడా ఇట్లనే ఉంటాది. అప్పుడు ఎవురి చేత ఏరిస్తావు నీ పురుగుల్ని?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు, అలవాటు ప్రకారం అక్కడితో ఆగాడు. అప్పుడు గోనెపట్టా ఊడదీసిన చప్పుడు వినిపించింది. కిర్రుమని తలుపు రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకున్నాయి. మంచు గాలి నేరుగా వచ్చి నా ముఖానికి కొట్టింది. ఒకామె, అయ్యో వదినా, పురుగులు, అంది. ఉండనీ, అంది అత్త.

ఆ చలిలో కూర్చున్నాను. మెల్లగా తట్టల అంచులు వచ్చాయి. చీరల రంగులు వచ్చాయి. వేలి మీద రక్తం చుక్క వచ్చింది, కుడి కంటికి ఎర్రగా. తలుపు దగ్గర అత్త గోనెపట్టా చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం కనిపించాక, ఆమె చూస్తుండగా, దారం ఎక్కించి సూదిని డబ్బాలో పెట్టాను.

ఆమె కొడుకుతో అంది. "రేపు పొద్దున రైలుకి పిలుచుకోని పో దీన్ని. ఈడ పని నేను చూసుకుంటా."

అంతే. తప్పైందని ఆమె చెప్పలేదు, పోనీలే అని నేనూ చెప్పలేదు. మరుసటి రోజు మందు ఎక్కించుకున్నాను. గడువు దాటలేదు. ఇప్పుడు నేను ఏరాల్సిన తట్టలు వసారాలోకి తెచ్చి పెడతారు, లోపలికి నన్ను పిలవరు. మా ఆయన ఇప్పుడు అందరికీ నా జబ్బు గురించి చక్కగా వివరించి చెబుతాడు, మొదటినుంచీ నా పక్కనే నిలబడినట్టు. నేను ఆయన ముఖంలోకి చూస్తే ఆపేస్తాడు.

ఆ పొద్దున తలుపు చాలాసేపు తెరిచే ఉంది. నా చూపు పూర్తిగా వచ్చేదాకా అత్త వెయ్యలేదు, ఆ తర్వాత కూడా వెయ్యడం మరిచిపోయింది. పురుగులకు ఏమీ కాలేదు. ఎప్పటిలాగే చంద్రికలెక్కి గూళ్ళు కట్టుకున్నాయి.